క్రెమ్లిన్ ఉత్సవమూర్తులు

లియొనీద్ బ్రెజ్నెవ్ సోవియట్ నాయకుడిగా భారతదేశానికి మూడుసార్లు వచ్చాడు. 1961 డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఆయన సోవియట్ యూనియన్ దేశాధినేత. అయితే మాస్కోలో చెల్లుబాటయ్యేది నికితా కృశ్చేవ్ మాట. 1973 నవంబర్‌లో వచ్చేనాటికి ఆయన దేశాధినేతా కాదు, ప్రధానమంత్రీ కాదు; కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి మాత్రమే. అయినా ఆ దేశంలో ఆయన్ని కాదనగలవాడు లేడు. 1980 డిసెంబర్‌లో మూడోసారి ఢిల్లీలో దిగేసరికి దేశాధినేత, ప్రధాన కార్యదర్శి హోదాలు రెండూ ఆయనవే.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు మన ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. రెండోసారి వచ్చినప్పుడు రాష్ట్రపతి వి.వి. గిరి. మూడోసారికి నీలం సంజీవరెడ్డి. సంతకం ఒకరిది, నిర్ణయం మరొకరిది అన్న ఏర్పాటు ఈ ముగ్గురికీ కొత్తది కాదు. మన రాష్ట్రపతి కూడా మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలి. కానీ ఇక్కడ నిర్ణయం ఎవరిదో రాజ్యాంగమే చెబుతుంది. అక్కడ చెప్పదు. 1936 నాటి సోవియట్ రాజ్యాంగం మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివినా ప్రధాన కార్యదర్శి అనే పదవి కనపడదు. 1977 రాజ్యాంగంలోనూ అంతే. దేశాన్ని ఏలే మనిషి పదవికి దేశపు మూలచట్టంలో చోటు లేదు.

గుడిలో మూలవిరాట్టు గర్భగుడి దాటి రాడు, ఊరేగింపుకి బయల్దేరేది ఉత్సవమూర్తి. సోవియట్ రాజ్యం చాలాకాలం ఇలాగే నడిచింది. గత భాగాల్లో పార్టీ కార్యదర్శుల సంగతి వచ్చింది. ఈ భాగం ఉత్సవమూర్తులది. అధికారం లేని పదవి గనక చరిత్ర పుస్తకాలు దీన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తుంటాయి. అది అన్యాయం. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల సంతకాలతోనే లక్షలమంది సొంత ఊళ్లకు దూరమయ్యారు, రచయితలు దేశం లేనివాళ్లయ్యారు. చివరికి ఆ కుర్చీ మారిన తీరులోనే ఆ రాజ్యం పతనం కూడా కనిపిస్తుంది.

1917 అక్టోబర్ విప్లవం తరవాత ప్రభుత్వాన్ని నడిపింది లెనిన్ అధ్యక్షుడిగా ఉన్న ప్రజా కమిసార్ల మండలి. దానిపైన, కనీసం కాగితం మీద, సోవియట్ల మహాసభ ఎన్నుకున్న కేంద్ర కార్యనిర్వాహక సంఘం ఉండేది. దాని అధ్యక్షుడే దేశాధినేత కింద లెక్క. తొలి అధ్యక్షుడు లెవ్ కామెనెవ్ రెండు వారాలైనా ఉండలేదు. మిగతా సోషలిస్టు పార్టీలను కూడా కలుపుకుని ప్రభుత్వం ఏర్పరచాలన్న గొడవలో తప్పుకున్నాడు. ఆయన స్థానంలో వచ్చిన యాకోవ్ స్వెర్ద్‌లోవ్ మాత్రం ఉత్సవమూర్తి కాదు. పార్టీ కార్యదర్శి పనీ ఆయనదే, రాజ్యపు అత్యున్నత సభను నడిపే పనీ ఆయనదే. ఏ ఊళ్లో ఏ కార్యకర్త ఉన్నాడో, ఎవరు దేనికి పనికొస్తారో అంతా ఆయన తలలో ఉండేది. 1919 మార్చిలో జబ్బు చేసి చనిపోయేనాటికి ఆయనకు ముప్పై మూడేళ్లు. పార్టీ, రాజ్యం ఒకే చేతిలో ఉండటం అక్కడితో ఆగింది. మళ్లీ అలా జరగడానికి 1977 దాకా ఆగాలి.

ఖాళీ అయిన ఆ స్థానానికి లెనిన్ ఏరికోరి తెచ్చినవాడు మిఖాయిల్ కాలినిన్.

అంతర్యుద్ధం సాగుతోంది. పట్నాలకు తిండిగింజలు కావాలి, గింజలు రైతు దగ్గర ఉన్నాయి, రైతుకు బోల్షెవిక్కుల మీద నమ్మకం లేదు. ఆ సమయంలో దేశాధినేత స్థానంలో మధ్యతరగతి రైతుతో సంబంధం ఉన్న మనిషి ఉండాలన్నది లెనిన్ వాదన. కాలినిన్ త్వేర్ ప్రాంతపు పల్లెలో రైతుబిడ్డ, పీటర్స్‌బర్గ్‌లోని పుతీలోవ్ కార్ఖానాలో లేత్ మీద పనిచేసిన కార్మికుడు. పిల్లిగడ్డం, కళ్లజోడు, సాదా కోటు. అతనికి ‘అఖిల రష్యా ఊరిపెద్ద’ అన్న పేరు పడింది. అది ట్రాట్‌స్కీ పెట్టిన పేరంటారు. ‘అక్టోబర్ విప్లవం’ అని పేరు పెట్టిన ప్రచార రైల్లో కాలినిన్ ఊరూరా తిరిగాడు. స్టేషన్లలో, సంతల్లో రైతులతో రైతు యాసలో మాట్లాడాడు.

మాస్కోలో ఆయన పేరున ఒక విన్నపాల కార్యాలయం వెలిసింది. దూరపు జిల్లాల నుంచి రైళ్లెక్కి, నడిచి, గోనెసంచీ భుజాన వేసుకుని జనం అక్కడికి వచ్చేవారు. పన్ను కింద ఆవును తోలుకుపోయారని ఒకరు, కొడుకును పట్టుకెళ్లారని ఇంకొకరు, విధవరాలి పింఛను రాలేదని మరొకరు. రాలేనివాళ్లు ఉత్తరాలు రాసేవారు. జార్ చక్రవర్తికి మొరపెట్టుకోవడం రష్యన్ రైతుకు తరతరాల అలవాటు. ఆ మొర ఇప్పుడు కాలినిన్ బల్ల మీదికి వచ్చింది. చిన్న చిన్న అన్యాయాలు కొన్ని అక్కడ సరిదిద్దబడ్డాయి కూడా. పెద్ద అన్యాయాన్ని సరిదిద్దే శక్తి ఆ బల్లకు లేదు. ఆ సంగతి చాలామంది విన్నపదారులకు తెలియదు.

ఆ ముఖానికి ఉన్న పలుకుబడి ఎంతవరకో 1921 మార్చి 1న క్రోన్‌స్టాట్ రేవులో తేలిపోయింది. ఆకలితో, నిర్బంధాలతో విసిగిన నావికులు స్వేచ్ఛగా సోవియట్ ఎన్నికలు జరపాలని తీర్మానం చేస్తున్నారు. ‘యాంకర్ చౌరస్తా’లో వేలమంది గుమిగూడారు. వాళ్లను శాంతింపజేయమని పార్టీ కాలినిన్‌ను పంపింది. నావికులు మొదట మర్యాదగానే ఆహ్వానించారు. ఆయన మాట్లాడటం మొదలుపెట్టాక కేకలు, ఈలలు. ప్రసంగం సాగనివ్వలేదు. తీర్మానం ఆయన ముందే నెగ్గింది. ఆయన్ని మాత్రం ఏమీ అనకుండా తిరిగి వెళ్లనిచ్చారు. రెండున్నర వారాల తరవాత ఎర్రసేన మంచుగడ్డ కట్టిన సముద్రం దాటి వచ్చి ఆ తిరుగుబాటును అణిచేసింది.

1922 చివర సోవియట్ యూనియన్ ఏర్పడ్డాక ఈ పదవికి మరో పని పడింది. రిపబ్లిక్కులన్నీ సమానమని చూపించాలి. అందుకని కేంద్ర కార్యనిర్వాహక సంఘానికి ఒక్కరు కాకుండా రిపబ్లిక్‌కు ఒకరు చొప్పున అధ్యక్షులను పెట్టారు. రష్యా తరఫున కాలినిన్, ఉక్రెయిన్ తరఫున పెట్రోవ్‌స్కీ, బెలారూస్ తరఫున చెర్వ్యకోవ్, కాకసస్ అవతలి రిపబ్లిక్కుల తరఫున నరీమాన్ నరీమానోవ్. తరవాత మధ్య ఆసియా వాళ్లు కూడా చేరారు. వినడానికి చక్కటి ఏర్పాటు. 1930ల చివర జరిగిన మారణకాండలో వీళ్ల గతి చూస్తే ఆ సమానత్వం విలువ తెలుస్తుంది. చెర్వ్యకోవ్ 1937లో మిన్‌స్క్‌లో పార్టీ సభలు జరుగుతుండగానే ఆత్మహత్య చేసుకున్నాడు. ఉజ్బెకిస్తాన్ నుంచి అధ్యక్షుడైన ఫైజుల్లా ఖొజాయెవ్‌ను పాత పార్టీ నాయకుడు బుఖారిన్‌తో పాటు బోనెక్కించి 1938 మార్చిలో కాల్చి చంపారు. పెట్రోవ్‌స్కీ పదవులు పోగొట్టుకుని ప్రాణంతో మిగిలాడు. కాలినిన్ ఒక్కడే పదవితో సహా మిగిలాడు.

ఈలోగా 1936 రాజ్యాంగం వచ్చింది. దేశానికి ఒక అధ్యక్షుడు ఉండాలి, అతన్ని ప్రజలందరూ ఓటేసి ఎన్నుకోవాలి అని ముసాయిదా మీద ఒక సవరణ వచ్చింది. ఆ ఏడాది నవంబర్‌లో స్టాలిన్ స్వయంగా దాన్ని తోసిపుచ్చాడు. మన వ్యవస్థలో ఏకవ్యక్తి అధ్యక్షుడికి తావు లేదు, కొత్త పార్లమెంటు అయిన సుప్రీం సోవియట్ ఎన్నుకునే ప్రెసీడియం మొత్తం కలిసి సామూహిక అధ్యక్షుడు అన్నది ఆయన వివరణ. ప్రజల ఓట్లతో నెగ్గినవాడు పార్లమెంటుకు పోటీ అవుతాడని ఆయన చెప్పిన కారణం. ఆ పార్లమెంటు ఏడాదికి రెండుసార్లు, కొద్దిరోజుల పాటు కూర్చుని, పెట్టినదానికల్లా ఏకగ్రీవంగా చేతులెత్తే సభ అన్నది గుర్తుంచుకోవాలి. సమావేశాలు లేని కాలమంతా ప్రెసీడియం పేరున ఆదేశాలు వెలువడేవి. కింద రెండే సంతకాలు: అధ్యక్షుడిది, కార్యదర్శిది. ఆ తరవాతి సమావేశంలో సభ వాటన్నిటినీ ఒక్కమారుగా ఆమోదించేది.

1938 జనవరిలో ప్రెసీడియం తొలి అధ్యక్షుడిగా ఎన్నికైనవాడు మళ్లీ కాలినినే. అదే ఏడాది అక్టోబర్‌లో రహస్య పోలీసులు ఆయన భార్య ఎకతెరీనా ఇవానొవ్నాను అరెస్టు చేశారు. ఆమె ఎస్తోనియా మూలాలున్న కార్మికురాలు, పాత పార్టీ సభ్యురాలు. పదిహేనేళ్ల శిక్ష వేసి లేబర్ క్యాంపుకు పంపారు. దేశాధినేత భార్య క్యాంపులో ఖైదీ. దేశాధినేత క్రెమ్లిన్‌లో కూర్చుని పతకాలు పంచుతున్నాడు, క్షమాభిక్ష అర్జీలు చూస్తున్నాడు. రాజ్యాంగం ప్రకారం క్షమాభిక్ష పెట్టే అధికారం ఆయన అధ్యక్షుడిగా ఉన్న ప్రెసీడియానిదే! ఆమె విడుదల 1945లో, ఆయన చావుకు ఏడాది ముందు మాత్రమే జరిగింది.

ఈ ఉదంతం చదివి కాలినిన్ మీద జాలి పడనివారుండరు. జాలి పడవలసిందే. కానీ అక్కడ ఆగితే సగం కథే తెలిసినట్టు. 1940 మార్చిలో పోలండ్ అధికారులను, ఖైదీలను కాల్చి చంపాలన్న రహస్య పోలీసుల అధిపతి బేరియా ప్రతిపాదన పొలిట్‌బ్యూరో ముందుకు వచ్చింది. కాతిన్ అడవితో పాటు మరికొన్ని చోట్ల దాదాపు 22,000 మంది ప్రాణాలు తీసిన కాగితం అది. దాని అంచున కాలినిన్ కూడా అనుకూలమని రాసి ఉంది. అదే సంవత్సరం జూన్ 26న, అనుమతి లేకుండా ఉద్యోగం మానేయడాన్ని నేరంగా మార్చిన ఆదేశం మీద సంతకం ఆయనదే. 1941 ఆగస్టు 28న వోల్గా తీరపు జర్మన్ జాతివాళ్లందరినీ సైబీరియాకు, కజకిస్తాన్‌కు తరలించాలన్న ఆదేశం మీదా ఆయన సంతకమే ఉంది. కాథరిన్ రాణి కాలంలో వచ్చి స్థిరపడిన రైతులు వాళ్లు. పశువులను కొట్టంలోనే వదిలి, పంటను చేలోనే వదిలి రైలుపెట్టెల్లో ఎక్కారు. లెనిన్ ఏ రైతు నమ్మకం కోసం ఈయన్ని కూర్చోబెట్టాడో, ఆ రైతు చేతికి అందిన బహిష్కరణ ఆజ్ఞ కింద ఈయన పేరే అచ్చయింది.

కాలినిన్ 1946 జూన్‌లో పోయాడు. మరుసటి నెలలోనే జర్మనీ నుంచి గెలుచుకున్న కోనిగ్స్‌బర్గ్ నగరానికి కాలినిన్‌గ్రాద్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఈనాటికీ ఉంది.

తరవాత వచ్చిన నికొలాయ్ ష్వెర్నిక్ ట్రేడ్ యూనియన్ల నాయకుడు. ఏడేళ్లు ఆ కుర్చీలో ఉన్నా చెప్పుకోదగ్గ ముద్ర వేయలేదు. ఆ కాలంలోనే, 1949 నుంచి 1952 దాకా, రాధాకృష్ణన్ మాస్కోలో మన రాయబారి. రాయబారుల నియామక పత్రాలు అందుకోవలసింది ప్రెసీడియం. అయితే ఢిల్లీ, మాస్కోల మధ్య మంచు కరగాలంటే కలవాల్సిన మనిషి వేరని అందరికీ తెలుసు. 1950 జనవరిలో స్టాలిన్ ఆయన్ని పిలిపించుకుని మాట్లాడాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం మాజీ ఉపకులపతికి అలా దక్కిన ఆ సమావేశం రెండు దేశాల సంబంధాల్లో ఒక మలుపుగా నిలిచింది.

స్టాలిన్ చనిపోయిన పది రోజులకు, 1953 మార్చి 15న, కుర్చీ మార్షల్ వొరోషిలోవ్‌కు దక్కింది. అంతర్యుద్ధపు వీరుడు, గుర్రం మీద ఫొటోలు, పాటలు. పేరు పెద్దది, బలం తక్కువ. ఆయన దేశాధినేతగా ఉండగానే 1955లో కృశ్చేవ్, ప్రధాని బుల్గానిన్ భారత పర్యటనకు వచ్చి జనసముద్రాలను చూసి వెళ్లారు. వొరోషిలోవ్ వంతు 1960 జనవరిలో గానీ రాలేదు. 1957లో కృశ్చేవ్‌ను దించాలని చూసిన ముఠాతో ఆయన చేయి కలిపాడు. పథకం తప్పింది. మొలోతోవ్, మలెంకోవ్, కగనోవిచ్‌ల పేర్లు పత్రికలకెక్కాయి. వొరోషిలోవ్ పేరు మాత్రం దాచేశారు. సాక్షాత్తూ దేశాధినేతే ఎదురు తిరిగాడంటే పరువేం కావాలి? మరో మూడేళ్లు ఆయన్ని అదే కుర్చీలో ఉంచి, 1961 పార్టీ మహాసభలో అసలు సంగతి బయటపెట్టారు.

1960 మేలో వచ్చిన బ్రెజ్నెవ్‌కు అప్పటికి యాభై మూడేళ్లు. పార్టీ కార్యదర్శివర్గం నుంచి తప్పించి ఇక్కడికి పంపడం ఒకరకంగా పక్కన పెట్టడమే. ఆయన మాత్రం ఈ పదవిని హాయిగా అనుభవించాడు. దేశదేశాలు తిరిగాడు. 1961 ఫిబ్రవరిలో గినీకి వెళ్తుండగా మధ్యధరా సముద్రం మీద ఒక ఫ్రెంచ్ యుద్ధవిమానం ఆయన విమానం వైపు కాల్పులు జరిపింది. ఏప్రిల్‌లో గగారిన్ రొమ్ము మీద ‘సోవియట్ యూనియన్ వీరుడు’ పతకం తగిలించింది ఆయన చేతులే. డిసెంబర్‌లో ఢిల్లీ. ఆయన మన దేశంలో ఉండగానే భారత సైన్యం గోవాలో అడుగుపెట్టింది. బ్రెజ్నెవ్ భారత్‌ను బహిరంగంగా సమర్థించాడు. ఐక్యరాజ్యసమితిలో పాశ్చాత్య దేశాల తీర్మానాన్ని సోవియట్ ప్రతినిధి వీటో చేశాడు. పోర్చుగల్ వలస పాలన పోయిన ఆ వారంలో, మాస్కో నుంచి వచ్చిన అలంకారప్రాయపు అతిథి మాటకు ఎన్నడూ లేని బరువు వచ్చింది.

అంతకన్నా ముఖ్యం, ఆ తిరుగుళ్లలో ఆయనకు పరిచయాలు పెరిగాయి, శత్రువులు పెరగలేదు. 1963లో పార్టీ కార్యదర్శివర్గంలో పెద్దదిక్కుగా ఉన్న కోజ్లోవ్ పక్షవాతంతో పడిపోవడంతో బ్రెజ్నెవ్ మళ్లీ పార్టీ కార్యదర్శి అయ్యాడు. 1964 జులైలో అధ్యక్ష పదవి అనస్తాస్ మికోయాన్‌కు వెళ్లింది. అక్టోబర్‌లో కృశ్చేవ్ పిత్సుందాలో సెలవు మీద ఉండగా మాస్కో నుంచి ఫోన్ వచ్చింది. ఆ సమయంలో ఆయన పక్కన ఉన్నది మికోయానే. పొలిట్‌బ్యూరో స్థాయి నాయకులంతా కృశ్చేవ్ మీద విరుచుకుపడుతుంటే, ఆయన్ని పూర్తిగా సాగనంపవద్దని కాస్త అడ్డు చెప్పినవాడూ ఈ దేశాధినేత ఒక్కడే. ఆ మాట నిలవలేదు. 1965 డిసెంబర్‌లో మికోయాన్ కూడా దిగిపోయాడు.

అప్పుడు వచ్చిన పొద్గొర్నీ విషయంలో ఉద్దేశం స్పష్టం. కృశ్చేవ్ స్థానంలో పార్టీ అధినేత అయిన బ్రెజ్నెవ్‌కు పార్టీలో పోటీ కాగల మనిషిని గౌరవంగా పైకి పంపేశారు. అయినా ఆయన ఊరుకోలేదు. ఈజిప్టు ఒప్పందం మీద 1971 మేలో కైరోలో సంతకం చేశాడు. అంతకుముందే, ఏప్రిల్ 2న, తూర్పు బెంగాల్‌లో రక్తపాతం ఆపమని పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్‌కు వెళ్లిన బహిరంగ సందేశం పొద్గొర్నీ పేరు మీదే. అధ్యక్షుడికి అధ్యక్షుడే రాయాలి గదా. బంగ్లాదేశ్ శరణార్థులు లక్షల్లో సరిహద్దు దాటుతున్న రోజుల్లో ఆ ఉత్తరం భారతదేశానికి కొండంత అండ. అదే చేయి 1974 ఫిబ్రవరి 12న సోల్జెనిత్సిన్ పౌరసత్వం రద్దు చేసిన ఆదేశం మీదా సంతకం చేసింది. మర్నాడే రచయితను విమానమెక్కించి పశ్చిమ జర్మనీకి పంపేశారు.

ఈలోగా బ్రెజ్నెవ్‌కు ఒక చిక్కు వచ్చిపడింది. 1972లో నిక్సన్‌తో అణ్వాయుధ ఒప్పందం మీద, 1975లో హెల్సింకీ పత్రం మీద ఆయన పార్టీ కార్యదర్శిగానే సంతకాలు చేశాడు. ప్రపంచంలోని అధ్యక్షులు, ప్రధానుల వరసలో నిలబడ్డప్పుడు ఆ హోదాను ఏ ప్రొటోకాల్ పట్టికలో ఎక్కడ పెట్టాలో ఎవరికీ అంతుపట్టదు. 1977 మే 24న కేంద్ర కమిటీ సమావేశంలో పొద్గొర్నీని పొలిట్‌బ్యూరో నుంచి తప్పించారు. జూన్ 16న బ్రెజ్నెవ్ తన పాత కుర్చీలో మళ్లీ కూర్చున్నాడు. మూలవిరాట్టే ఊరేగింపుకి వచ్చేశాడు. 1979లో వియన్నాలో కార్టర్‌తో చేసిన ఒప్పందం కింద ఆయన రెండు హోదాలూ కనిపిస్తాయి.

కానీ ఆ మనిషి అప్పటికే అనారోగ్యంతో ఉన్నాడు. రోజువారీ పనులకు 1977 అక్టోబర్ రాజ్యాంగం ప్రథమ ఉపాధ్యక్ష పదవిని సృష్టించింది. అందులో కూర్చున్నవాడు వసీలీ కుజ్నెత్సోవ్. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో లోహశాస్త్రం చదివిన ఇంజనీరు, ఆరితేరిన దౌత్యవేత్త. ప్రధాన కార్యదర్శులు బ్రెజ్నెవ్, ఆంద్రోపోవ్, చెర్నెంకో వరసగా కన్నుమూసిన ఆ మూడేళ్లలో ఈ వృద్ధుడు మూడుసార్లు తాత్కాలిక దేశాధినేత అయ్యాడు. ప్రతి మరణం తరవాతా పార్టీ కార్యదర్శి కొద్ది రోజుల్లోనే ఎన్నికయ్యేవాడు. దేశాధినేత స్థానం నెలల తరబడి ఖాళీగా ఉండేది. ఏది అసలు పదవో తెలుసుకోవడానికి ఆ తేదీలు చాలు.

1980 జనవరిలో అసమ్మతి గళం వినిపించిన శాస్త్రవేత్త సఖరోవ్ బిరుదులు, పతకాలు లాగేసుకున్న ఆదేశం మీద సంతకం బ్రెజ్నెవ్‌దే. 1978లో ఆయన అధ్యక్షుడిగా ఉన్న ప్రెసీడియమే ఆయనకు యుద్ధ సేనానులకిచ్చే ‘విజయ పతకం’ ఇచ్చింది. 1989లో అదే ప్రెసీడియం గోర్బచెవ్ సంతకంతో దాన్ని రద్దు చేసింది.

1985 మార్చిలో ప్రధాన కార్యదర్శి అయిన గోర్బచెవ్ మొదట ఈ కుర్చీ జోలికి పోలేదు. ఇరవై ఎనిమిదేళ్లు విదేశాంగ మంత్రిగా పాతుకుపోయిన గ్రొమీకోను జులైలో అక్కడ కూర్చోబెట్టి, విదేశాంగ శాఖను షెవర్ద్‌నాద్జెకు ఇచ్చాడు. అందుకే 1986 నవంబర్‌లో రాజీవ్ గాంధీతో ఢిల్లీ ప్రకటన మీద సంతకం చేసినప్పుడు గోర్బచెవ్ పార్టీ కార్యదర్శి మాత్రమే. 1988 నవంబర్‌లో మళ్లీ వచ్చేసరికి గ్రొమీకో విశ్రాంతి తీసుకున్నాడు, దేశాధినేత కూడా గోర్బచెవే.

ఆయన ఉద్దేశం బ్రెజ్నెవ్ ఉద్దేశం కాదు. బ్రెజ్నెవ్‌కు హోదా కావాలి. గోర్బచెవ్‌కు పార్టీ యంత్రాంగం తనను కృశ్చేవ్‌లా దించేయలేని చోటు కావాలి. అందుకని అధికారాన్నే పార్టీ భవనం నుంచి ఆ కుర్చీలోకి మోసుకొచ్చాడు. 1990 మార్చి 14న పార్టీ నాయకత్వాన్ని రాజ్యాంగబద్ధం చేసిన ఆరో అధికరణాన్ని సవరించారు. మర్నాడు ప్రజాప్రతినిధుల మహాసభ ఆయన్ని సోవియట్ యూనియన్ తొలి రాష్ట్రపతిగా ఎన్నుకుంది. అనుకూలంగా 1,329 ఓట్లు, వ్యతిరేకంగా 495. బరిలో మరో అభ్యర్థి లేడు.

ప్రజలందరి ఓటుతో గెలిచే అవకాశాన్ని ఆయన వదులుకున్నాడు. 1936లో స్టాలిన్ తోసేసిన ఆ సవరణను ఆయన కూడా పక్కన పెట్టినట్టయింది. ఏడాది దాటాక, 1991 జూన్ 12న, రష్యా రిపబ్లిక్‌లో అలాంటి ఎన్నిక జరిగింది. అందులో గెలిచినవాడు బోరిస్ యెల్త్సిన్. ఆగస్టులో గోర్బచెవ్ మీద జరిగిన కుట్ర విఫలమైన రోజుల్లో మాస్కో జనం ఎవరి మాట విన్నారో లోకం చూసింది. డిసెంబర్ 25న గోర్బచెవ్ రాజీనామా చేసినప్పుడు ఆయన వెనక పార్టీ లేదు, ప్రజల ఓటూ లేదు.

వచ్చే భాగంలో చైనా. 1959లో మావో నుంచి దేశాధ్యక్ష పదవి అందుకున్న లియు షావోచీని సాంస్కృతిక విప్లవం ఎలా మింగిందో, ఆ పదవినే 1975 రాజ్యాంగం ఎందుకు ఎత్తేసిందో, 1982లో దాన్ని మళ్లీ ఎందుకు తెచ్చుకున్నారో అందులో.